ఋణ సంఖ్యలు అకరణీయ సంఖ్యలేనా?

కువైట్‌లోని తెలుగు పిల్లలలో పలువురు లెక్కలు ఆంగ్లంలో నేర్చుకొంటారు. తల్లిదండ్రులలో కొందరు అవే లెక్కలను తెలుగులో నేర్చినవారు. హోంవర్కు వేళ ఈ రెండు భాషలు ఎదురుపడినపుడు ఒక చిక్కు తలెత్తుతుంది. ఆంగ్లంలోని ‘రేషనల్’ సంఖ్య తెలుగు పాఠ్యపుస్తకంలో ‘అకరణీయ సంఖ్య’. ‘ఇర్రేషనల్’ సంఖ్య ‘కరణీయ సంఖ్య’. ‘కాదు’ అనే అర్థమిచ్చే అక్షరం ఆంగ్లంలో ఒక దానికి ముందుంటే, తెలుగులో రెండవ దానికి ముందున్నది. దీనికి తోడు సంఖ్యకు మైనస్ గుర్తు కూడ చేరితే, అది ఏ జాతికి చెందినదో చెప్పడానికి పెద్దలు సైతం తడబడతారు.

సమాధానం నిర్వచనంలోనే ఉన్నది. లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలై, హారం సున్న కానట్టి భిన్నంగా వ్రాయగల ప్రతి సంఖ్యా అకరణీయ సంఖ్యయే. పూర్ణసంఖ్యలలో 1, 2, 3 వలెనే సున్న, −1, −2, −3 కూడ ఉన్నవి. కావున లవం ఋణమైనంత మాత్రాన నిర్వచనానికి భంగం లేదు. −5 అనగా −5/1. −0.75 అనగా −3/4. అంతులేక సాగే −0.333... కూడ −1/3 మాత్రమే.

కువైట్ కరెన్సీయే ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక దీనారుకు 1000 ఫిల్సులు. పావు దీనారుకు, అర దీనారుకు విడిగా నోట్లున్నవి. ఒకరు 250 ఫిల్సులు అప్పు చేసినచో వారి లెక్క −250/1000, అనగా −1/4 దీనారు. అటువంటి అప్పులు నాలుగు కలిస్తే −1 దీనారు. ఫిల్సులలో లెక్కించగల ఏ అప్పుకైనా 1000 హారంగా ఉండనే ఉన్నది. కావున అది అకరణీయ సంఖ్యయే.

‘ఋణం’ అన్న మాటకు అప్పు అనే అర్థం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ధన, ఋణ సంఖ్యలకు సూత్రాలు చెప్పాడు. ఋణాన్ని ధనంతో భాగించినా, ధనాన్ని ఋణంతో భాగించినా ఫలితం ఋణమే అన్నది వాటిలో ఒకటి. −3/4, 3/−4 రెండూ ఒకే సంఖ్య కావడానికి కారణమిదే. హారాన్ని ధనంగా ఉంచి వ్రాయడం ఆనవాయితీ.

అయితే ఋణ సంఖ్యలన్నీ అకరణీయాలేనా? కావు. √2 ఏ భిన్నానికీ సమానం కాదని ప్రాచీన గ్రీకులే నిరూపించారు. −√2 ఏదైనా భిన్నానికి సమానమైనచో, ఆ భిన్నంలో లవం గుర్తు మార్చగానే √2 లభించవలెను. అది అసాధ్యం గనుక −√2 కూడ కరణీయ సంఖ్యయే. −π సంగతీ అంతే.

సంస్కృత గణితంలో ‘కరణి’ అనగా పూర్తిగా తెగని వర్గమూలం. ‘అకరణీయ’ అన్న పేరు ఆ మూలాన్నే నిరాకరిస్తున్నది గాని, మైనస్ గుర్తును కాదు. సంఖ్య సున్నకు ఏ వైపున ఉన్నదో గుర్తు చెబుతుంది. అది భిన్నరూపంలో ఇముడుతుందో లేదో జాతి చెబుతుంది. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు.

పిల్లలకొక అభ్యాసం: −√9, −√10లలో అకరణీయ సంఖ్య ఏది? మూలం గుర్తును చూచి తొందరపడరాదు. √9 అనగా 3. కావున −√9 అకరణీయం, −√10 కరణీయం.