తేలియా రుమాలు నుండి లాల్చీ వరకు

కళాశాల సంచికలో దుస్తులను గూర్చి వ్యాసమా అని కొందరికి వింతగా తోచవచ్చును. 2013వ సంవత్సరం ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన రానా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది మరణించారు. వారిలో అత్యధికులు విదేశీ దుకాణాల కొరకు చౌక దుస్తులు కుట్టే కార్మికులు. చొక్కా ధర తగ్గినప్పుడు ఆ తగ్గింపును ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారు. ఈ వేగానికి ప్రతిగా 'స్లో ఫ్యాషన్' అనే భావాన్ని 2007లో ఇంగ్లండుకు చెందిన కేట్ ఫ్లెచర్ ప్రచారంలోకి తెచ్చారు. కొద్దిపాటి దుస్తులు, ఎక్కువ కాలపు మన్నిక, నేసినవానికీ కుట్టినవానికీ న్యాయమైన కూలి, ఇదే దాని సారాంశం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల వారికి ఇందులో కొత్తది పేరు మాత్రమే.

మన తిరుమలగిరి విద్యార్థుల బృందం ఒకటి ఈ పద్ధతిలో పురుషుల కొరకు ఆరు ఉడుపులను రూపొందింపదలచినదనుకొందాము. సాధారణంగా అందరూ మొదట కాగితం ముందువేసుకొని బొమ్మలు గీయ నారంభిస్తారు. అది తలక్రిందుల పద్ధతి. మొదట చూడవలసినది మగ్గం.

సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక గ్రామం తేలియా రుమాలుకు ప్రసిద్ధి. ఉర్దూ చదివే మిత్రులకు ఈ పేరు విడమరచి చెప్పనవసరం లేదు. తేల్ అనగా నూనె. ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదతోను, నూనెతోను నూలును దినాల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టుతారు. అందువలన ఎరుపు రంగు నూలులోనికి లోతుగా దిగుతుంది, గుడ్డ మెత్తబడుతుంది, నూనె వాసన కూడా కొంతకాలం వదలదు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఈ చదరపు గుడ్డను మన పల్లెల్లో తలపాగాగా చుట్టుకొన్నారు. అరబ్బు దేశాలకు సైతం ఇది ఎగుమతి అయినది. అనగా ఇది పుట్టుకతోనే పురుషుల వస్త్రం. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆముదపు పంట మన మెట్ట భూములది కనుక ఈ విద్య ఇక్కడ నిలువద్రొక్కుకొనుటలో ఆశ్చర్యం లేదు.

ఈ నేతలో నూలుకే ముందుగా ముళ్లు కట్టి రంగు వేస్తారు. దీనిని మనవారు చిటికీ అంటారు. పోచంపల్లి వైపు ముళ్లకు సైకిలు ట్యూబు పేలికలను కూడా వాడటం కద్దు. ఒక రంగు ఆరిన పిదప ముడి విప్పి, మరొక చోట కట్టి, మరల ముంచవలెను. పుట్టపాకలో పడుగుకూ పేకకూ కూడా ముళ్లు వేస్తారు గనుక నేసేటప్పుడు రెండూ సరిగా కలియకపోతే బొమ్మ చెదరిపోతుంది. ఇక్కడ బృందం గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. ఒక్క చొక్కా కొరకు ఎవ్వరూ పడుగు వేయరు. ఒక పడుగుకు ఒకే నమూనాతో అనేక మీటర్లు వస్తాయి. కనుక ఆరు రకాల గుడ్డలు కోరుట అవివేకం. ఒకే గుడ్డ నుండి ఆరు ఉడుపులను ఊహించుటలోనే అసలు తెలివి ఉన్నది.

నిదానమంటే ఒళ్లు హూనం చేసుకోవడమని కాదు. చీర నేతకు ముందు ఆసు పోసే స్త్రీలు చేతిని వేలమార్లు అటూ ఇటూ త్రిప్పవలసి వచ్చేది. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అట్టి యంత్రాన్ని కాదనే స్లో ఫ్యాషన్ నాకు రుచించదు.

ఇక కత్తెర సంగతి. 44 అంగుళాల పన్నాగల గుడ్డలో లాల్చీకి రెండున్నర మీటర్ల చొప్పున రెండింటికి అయిదు, రెండు చొక్కాలకు నాలుగు, లుంగీకి రెండు, అస్తరుకు ఒకటి, వెరసి పన్నెండు మీటర్లు. కర్మాగారాల కత్తిరింపులో సుమారు 15 శాతం గుడ్డ వ్యర్థమౌతుందని అంచనా. చేయి తగిలించే చోట వంపు తీయడం అందుకు ఒక ముఖ్యకారణం. పాతకాలపు దర్జీ కుట్టిన లాల్చీని విప్పి చూడండి: ముందు వెనుకలు ఒకే పొడవైన ముక్క, చేతులు నలుచదరపు ముక్కలు, ఒక చదరాన్ని ఏటవాలుగా కోస్తే రెండు కలీలు, చంక క్రింద చిన్న బగల్ ముక్క. మెడ వద్ద తీసిన గుండ్రని ముక్క తప్ప వ్యర్థమనేది లేదు. అదీ జేబు లోపలికి పనికివస్తుంది. గణితశాస్త్ర విద్యార్థి ఈ ముక్కలను గ్రాఫు కాగితంపై అమర్చినచో, నేతగాడు కూడా గ్రాఫుపైననే నమూనా వేస్తాడు గనుక, ఏ పువ్వు రొమ్ముపై రావలెనో ముళ్లు కట్టక ముందే నిర్ణయించవచ్చును.

ఆరవ ఉడుపు చలికాలపు సదరీ. పైభాగం పాలమూరు గొంగడి, లోపల చిటికీ అస్తరు. దక్కని గొర్రెల నల్లని ఉన్ని బిరుసైనది. అస్తరు లేనిదే ఒంటికి గుచ్చుతుంది. గొంగడి పడుగుకు చింతగింజల గంజి పెట్టడం కురుమల సంప్రదాయం. మాంసం కొరకు ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగినందున ఈ ఉన్ని కరువౌతున్నది. దీనికి రంగు అక్కరలేదు, గొర్రె రంగే చాలును.

కళాశాల సంఘం వారికి ఒక్క విన్నపం. నమూనా నచ్చిన తరువాత డబ్బిచ్చే అలవాటు బజారుది. ఇక్కడ నూలు, రంగు, నెలల శ్రమ ముందుగా నేతగాని ఇంటి నుండే పోతాయి. విద్యార్థులు మనసు మార్చుకొన్నచో నష్టం ఆయనకే. కావున నూలు ఖర్చు పూర్తిగాను, కూలిలో సగమును ముందే చెల్లించవలెను. నూలు ఎండటానికి ఎండ కావలెను గనుక దసరా వెళ్లగానే పని మొదలుపెట్టుట మేలు; ఆ పైకం మంజూరు అంతకు ముందే జరుగవలసి ఉన్నది.