పాత ట్రాక్టరు కదలనప్పుడు: బ్యాటరీ, సెల్ఫు, డైనమోల పరీక్ష

మన దేశమున ట్రాక్టర్ల నిర్మాణము 1959లో ఫరీదాబాదునందలి ఐషర్ కర్మాగారమున ఆరంభమైనది. 1960లో మద్రాసున టాఫే సంస్థ ఏర్పడి, పిదప మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను నిర్మింపసాగినది. ఆ తరమునకు చెందిన ట్రాక్టరు మీ గ్రామమున నేటికిని నీటి ట్యాంకరును లాగుచున్నచో, దాని ఇంజను కంటె ముందుగా విద్యుత్ భాగములే చిక్కు పెట్టును. వేసవిలో ఒక ఉదయము ట్రాక్టరు కదలనిచో వాడలకు నీరందదు. అట్టి తొందరలో పంచాయతీ సొమ్ముతో కొత్త బ్యాటరీ కొనుట పరిపాటి. దోషము మరొకచోట నున్నచో, ఆ కొత్త బ్యాటరీయు కొలది దినములలోనే దిగిపోవును. కావున బిల్లు మంజూరు చేయుటకు పూర్వము దోషమెచ్చటనున్నదో సభ్యులు అడిగి తెలిసికొనవలెను.

ఏ భాగము ఏ పని చేయును?

బ్యాటరీ విద్యుత్తును నిలువ చేయును. సెల్ఫు మోటారు ఆ విద్యుత్తుతో ఇంజనును త్రిప్పును. ఇంజను నడచునప్పుడు ఫ్యాన్ బెల్టు డైనమోను త్రిప్పగా, ఖర్చయిన విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరును. ఈ రెంటి నడుమ కటౌటు పెట్టె కావలివానివలె నుండును. డీజిలు ఇంజను ఒకసారి నడువసాగిన పిదప దానికి విద్యుత్తు అక్కరలేదు. అందుచేత డైనమో చెడినను ట్రాక్టరు పగలంతయు పనిచేయును. దోషము మరునాటి ఉదయమున గాని బయటపడదు.

మొదటి పరీక్ష: బ్యాటరీ

ఒక చిన్న మీటరు చాలును. రాత్రియంతయు కదలక నిలిచిన ట్రాక్టరు యొక్క 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నచో సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 కంటె తక్కువయైనచో ముందుగా బయట చార్జి చేయింపవలెను. నిండిన బ్యాటరీ సైతము సెల్ఫు త్రిప్పునపుడు 9.5 వోల్టుల క్రిందికి పడిపోయినచో రెండు కారణములుండవచ్చును: బ్యాటరీ క్షీణించి యుండవచ్చును, లేదా సెల్ఫు మోటారు అతిగా విద్యుత్తును లాగుచుండవచ్చును. మరొక మంచి బ్యాటరీని అమర్చి సరిచూచిన పిదపనే కొనుగోలు నిశ్చయింపవలెను. బ్యాటరీలో నీరు తగ్గినప్పుడు స్వేదన జలమునే పోయవలెను. బోరు నీరు గాని, యాసిడ్ గాని పోయరాదు.

రెండవ పరీక్ష: తీగలు, కొసలు

దీపము వెలిగించి సెల్ఫు నొక్కుడు. దీపము మిక్కిలి మందగించినచో బ్యాటరీ దిగినదనియో, దాని కొసలు వదులైనవనియో గ్రహింపవలెను. దీపము తగ్గక, మోటారు కదలనిచో స్విచ్చి, లావు తీగ, సెల్ఫులోని కార్బన్లు చూడదగినవి. కొసలపై తెల్లని లేక పచ్చని చిలుము పేరుకొన్నచో తీగలను ఊడదీసి, వంటసోడా కలిపిన వేడి నీటితో కడిగి, తుడిచి, బిగించి, వాసెలిన్ పూయవలెను. ఊడదీయునపుడు ఎర్తు తీగను మొదట తీసి, బిగించునపుడు కడపట బిగింపవలెను.

ఎర్తు తీగ మంచిదో కాదో తెలిసికొనుటకు ఇంజను ఆపు మీటను లాగి యుంచి, సెల్ఫు త్రిప్పుచు, బ్యాటరీ ఎర్తు కొసకును ఇంజను ఇనుముకును నడుమ మీటరు పెట్టుడు. అర వోల్టుకు మించి చూపినచో ఆ తీగయో, దాని బిగింపో దోషయుక్తము.

మూడవ పరీక్ష: డైనమో

ఫ్యాన్ బెల్టును నడుమ నొక్కినప్పుడు అర అంగుళము మొదలు ముప్పాతిక అంగుళము వరకు దిగవలెను. అంతకంటె వదులైనచో డైనమో చాలినంత తిరుగదు. ఇంజను నెమ్మదిగా నడచునపుడు చార్జి దీపము వెలుగుట డైనమోకు సహజము. వేగము పెంచినను ఆరనిచో దోషము కలదు. మధ్యస్థ వేగమున బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు రావలెను. 15 దాటినచో కటౌటు పెట్టె సరిగా లేదు. బ్యాటరీ నీరు మరిగిపోవును.

వోల్టులు పెరుగనిచో మెకానిక్కు డైనమోపై నున్న రెండు తీగలను తీసి, ఆ రెండు కొసలను కలిపి, వానికిని డైనమో బాడీకిని నడుమ మీటరు ఉంచి, ఇంజను వేగమును మెల్లగా పెంచవలెను. 20 వోల్టులు మించనీయరాదు. వోల్టులు చక్కగా పెరిగినచో డైనమో మంచిది. దోషము కటౌటులోనో, తీగలలోనో యున్నది. ఏమియు రానిచో ముందుగా కార్బన్లను చూడవలెను. ఒక వోల్టు లోపు వచ్చినచో ఫీల్డు చుట్టను, 4 లేక 5 వోల్టులు వచ్చినచో ఆర్మేచరును శంకింపవలెను.

ఇంజను ఆగియున్నను డైనమో వేడెక్కి, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయినచో కటౌటులోని ముక్కలు అంటుకొని పోయినవన్నమాట. ఇట్టిచోట బ్యాటరీ మార్చుట వృథా.

ఇంగ్లండున తయారైన పెక్కు పాత ట్రాక్టర్లలో బ్యాటరీ పాజిటివ్ కొస ఎర్తునకు చేరియుండును. ఈ సంగతి చూడక బ్యాటరీ బిగింపరాదు. డైనమోకు మారుగా ఆల్టర్నేటరు అమర్చిన ట్రాక్టరులో కొసలు తారుమారైనచో దానిలోని డయోడులు క్షణములో కాలిపోవును.

ప్రాణరక్షణ

స్విచ్చి పనిచేయనప్పుడు కొందరు నేలపై నిలిచి, పానాతో సెల్ఫు కొసలను కలిపి ఇంజను త్రిప్పుదురు. గేరు పడియున్నచో ట్రాక్టరు ఒక్కసారిగా ముందుకు దూకి, వెనుక చక్రము ఎదుట నిలిచిన మనిషిపై ఎక్కును. ప్రాణము పోవుటకు క్షణము చాలును. పంచాయతీ ట్రాక్టరుతో ఈ పని చేయరాదని తీర్మానించి, స్విచ్చిని వెంటనే బాగుచేయింపుడు. ట్రాక్టరును ఎల్లప్పుడు న్యూట్రలునందుంచి, సీటుపై కూర్చుండియే కదలింపవలెను. చార్జి అగుచున్న బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును. దానిదరి బీడీ, అగ్గిపుల్ల కూడదు.

పంచాయతీ చేయదగినది

నెలకొకసారి బ్యాటరీ వోల్టులు, నీటిమట్టము, బెల్టు బిగువు, ఇంజను నడచునపుడు వచ్చు వోల్టులు ఒక పుస్తకమున వ్రాయింపుడు. నాలుగు అంకెలు వరుసగా వ్రాసియున్నచో క్షీణించుచున్న భాగమేదో ముందుగానే తెలియును. అప్పుడు మరమ్మతు వేసవికి పూర్వమే జరుగును. ప్రజల సొమ్ము నిలుచును. ట్యాంకరు వేళకు వాడ చేరును.