పెరటి ఇల్లు

ప్రజలకు గృహవసతి కల్పించాలన్న సంకల్పం రాష్ట్ర ప్రభుత్వానిది. గోడ ఎక్కడ లేవాలో, కప్పు ఎంత ఎత్తుండాలో నిర్ణయించే అధికారం నగరపాలక సంస్థది. ఈ రెండింటికీ పొత్తు కుదరనిచో చట్టం కాగితానికే పరిమితమవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం నాలుగు దశాబ్దాలుగా ఈ చిక్కునే ఎదుర్కొంటున్నది. 2023 గణనలో ఆ ఒక్క రాష్ట్రంలోనే 1,80,000 మందికి పైగా నిరాశ్రయులున్నట్లు తేలింది.

అక్కడి నివాస ప్రాంతాలలో అధికభాగం ఒక స్థలంలో ఒకే ఇల్లు అన్న నియమంతో రూపొందినవి. ఇంటి వెనుక పెరటిలో మరొక చిన్న ఇల్లు కట్టుకోనిస్తే, కొత్త భూమి సేకరించకుండానే వసతి పెరుగుతుందని చట్టకర్తలు భావించారు. వాడుకలో దీనిని 'బామ్మ ఇల్లు' అనీ, 'అత్తగారి ఇల్లు' అనీ అంటారు. తెలుగువారి అత్తవారింటితో దీనికి సంబంధం లేదు. వయసు మళ్ళిన అత్తగారు వచ్చి ఉండే చోటని అర్థం.

ఇందుకు 1982లోనే చట్టం వచ్చింది. నగరాలు దానిని బాహాటంగా ధిక్కరించలేదు. అనుమతి ఇస్తామంటూనే, స్థలం ఇంత విస్తీర్ణం ఉండాలనీ, కారు నిలిపే చోటు అదనంగా చూపాలనీ, ఇరుగుపొరుగువారి అభ్యంతరాలు విచారణలో వినాలనీ షరతులు విధించాయి. వరమిచ్చి వాకిలి మూయడమంటే ఇదే. 2002లో చేసిన సవరణ ఆ విచారణను తొలగించినా, తక్కిన అడ్డంకులు నిలిచే ఉన్నాయి.

2016లోనూ, 2019లోనూ చేసిన చట్టాలు ఆ షరతులను ఒక్కొక్కటిగా తొలగించాయి. స్థలానికి కనీస విస్తీర్ణం అడగరాదు. పక్కన, వెనుక 4 అడుగుల ఖాళీ విడిచి, 16 అడుగుల ఎత్తున, 800 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోదలచిన వారిని ఆపరాదు. ప్రజారవాణా వసతి అర మైలులోపు ఉంటే కారు నిలిపే చోటు అడగరాదు. పాత ఇంటికి మంటలనార్పే నీటి తుంపరల ఏర్పాటు తప్పనిసరి కానప్పుడు, కొత్త ఇంటికి దానిని విధించరాదు. అన్నిటికంటె పదునైన నిబంధన వేరొకటి: నగరం చేసుకున్న నియమావళి రాష్ట్ర చట్టానికి విరుద్ధమైతే అది చెల్లదు; సరిదిద్దుకొనే వరకు రాష్ట్ర ప్రమాణాలే వర్తిస్తాయి. జాప్యం వల్ల నగరాలకు కలిగే లాభం దీనితో పోయింది.

అయితే స్థానిక సంస్థలన్నీ మొండికేశాయనుకోవడం న్యాయం కాదు. లాస్ ఏంజెలిస్ నగరం 2021లో ముందుగానే ఆమోదించిన నమూనా పటాలను ప్రజలకు అందుబాటులో ఉంచింది. ఇట్టి ఏర్పాటును 2025 జనవరి నాటికి నగరాలన్నీ చేయాలని రాష్ట్రమే 2023లో శాసించింది. నగరం నుండి రాష్ట్రం నేర్చిన పాఠమిది.

పెరటి ఇంటికి అనుమతి సులభమైనంత మాత్రాన అద్దె తగ్గదు. ఈ లోపాన్ని శాన్ డియేగో నగరం గుర్తించింది. పరిమిత అద్దెకు ఒక ఇల్లు ఇచ్చేవారికి అదనంగా మరొక ఇల్లు కట్టుకొనే అవకాశాన్ని 2020లో కల్పించింది. రవాణా వసతి గల చోట్ల దీనికి హద్దు పెట్టలేదు. ఫలితంగా కొందరు ఒకే పెరటిలో పదుల కొద్దీ ఇళ్ళకు దరఖాస్తు చేశారు. ఇరుకు వీధులలో అగ్నిప్రమాదం సంభవిస్తే తప్పించుకొనే దారి ఏదని స్థానికులు నిలదీశారు. 2025లో నగర మండలి స్థల విస్తీర్ణాన్ని బట్టి ఇళ్ళ సంఖ్యకు పరిమితి విధించింది.