నొప్పి దాచుకోకు చిట్టీ

రెజిమెంటల్ బజార్,
సికింద్రాబాద్.

చిట్టి తల్లీ,

ఆషాఢం దగ్గరపడింది కదా, మోండా మార్కెట్ వైపు వెళ్తే బోనాల సందడి అప్పుడే కనబడుతోంది. మీ పెదనాన్న షుగరు అదుపులోనే ఉంది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నడుము డిస్కు ఆపరేషనై ఏడో వారం, కుడికాలు మళ్ళీ పిక్క దాకా గుంజుతోందట. నువ్వేమో పది రోజులుగా ఎవరికీ చెప్పకుండా పళ్ళు బిగబట్టుకుని తిరుగుతున్నావట. ఎందుకే అంత మొండితనం? అంత డబ్బు పోశారు, ఆపరేషన్ బాగా జరిగిందని నలుగురికీ చెప్పుకున్నారు, ఇప్పుడు నొప్పంటే ఏమనుకుంటారోననా? బిడ్డా, నొప్పి తిరగబెట్టడం నీ తప్పు కాదు. ఎవరికో బాకీ పడ్డట్టు ముఖం దాచుకోకు.

లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి ముఖాలు ఎన్ని చూశానో. పట్టాల మీద బరువులు మోసి డిస్కు జారిన గ్యాంగ్‌మన్లు, ఆపరేషనయ్యాక నవ్వుతూ ఇంటికి పోయేవాళ్ళు. నెలా నెలన్నర తిరిగేసరికి కొందరు బెదిరిపోయి వచ్చేవాళ్ళు, "సిస్టరమ్మా, మళ్ళీ మొదలైంది" అంటూ. వాళ్ళలో చాలామందికి రెండో ఆపరేషన్ అవసరం పడలేదు. డిస్కు ముక్క తీసేసినా, అన్నాళ్ళు దాని కింద నలిగిన నరం వాపు వెంటనే పోదు. కాలు మడిచి కూర్చుని లేచాక తిమ్మిరి తేలేటప్పుడు చీమలు పాకి, సూదులు గుచ్చుకుంటాయి చూడు, అలాంటిదే నెలల తరబడి సాగుతుంది. ఒకరోజు కాస్త ఎక్కువ తిరిగినా, ఎక్కువసేపు కూర్చున్నా అది రేగుతుంది. సాధారణంగా ముందు నొప్పి తగ్గుతుంది, తిమ్మిరి ఆఖరున పోతుంది. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక్క మిల్లీమీటరు. నడుము నుంచి బొటనవేలి దాకా ఎంత దూరమో నువ్వే కొలుచుకో.

నడుములో జారిన డిస్కు కాలి నరాన్ని నొక్కుతుందని ప్రపంచానికి గట్టిగా తెలిసిందే 1934లో, బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ రాసిన తర్వాత. అంతకు ముందు మన స్టేషన్ దగ్గర మూటలు మోసిన కూలీలకు కాలు ఎందుకు మండుతోందో చెప్పే దిక్కు లేదు. నీకు చెప్పేవాళ్ళున్నారు. అడగడానికి మొహమాటమెందుకు?

అలాగని అన్నీ మామూలే అనుకోవద్దు. నూటికి అయిదు నుంచి పదిహేను మందికి డిస్కు మళ్ళీ జారుతుంది. అందుకే నొప్పి ఎటు నడుస్తోందో గమనించు. పాదం వైపు నుంచి పైకి, నడుము దగ్గరికి వస్తుంటే మంచి గుర్తే. రోజురోజుకూ కిందికి పాకుతుంటే, దగ్గినా తుమ్మినా కాల్లోకి కరెంటు కొట్టినట్టుంటే డాక్టరుకు చెప్పు. మళ్ళీ ఎమ్మారై తీయాలంటే గాభరాపడకు. రంగుమందు ఎక్కించి తీస్తే ఆపరేషన్ చోట గట్టిపడ్డ మచ్చ ఏదో, కొత్తగా జారిన ముక్క ఏదో తెలుస్తుంది.

ఇది మాత్రం అల్లుడికి కూడా చదివి వినిపించు. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము, చెమ్మ కనబడినా ఆ రోజే చూపించాలి.

రోజూ నడు. ఒకేసారి గంట కాదు, కాసేపు చొప్పున నాలుగైదు సార్లు. మంచం దిగేటప్పుడు మొత్తం పక్కకి ఒత్తిగిలి, చేత్తో తోసుకుని లే. వంగి బిందె ఎత్తకు, నడుము మెలిపెట్టి వెనక్కి తిరగకు. స్కూటీ సంగతి డాక్టరు ఊఁ అన్నాకే. నరానికిచ్చిన బిళ్ళలతో తల తిరుగుతోందని నీ అంతట నువ్వే మానేశావని మీ అమ్మ అంది. ఆ పని చేయకు తల్లీ. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తాడు. మత్తుగా ఉంటే ఆ మాటే చెప్పు, మోతాదు మారుస్తాడు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తొక్కిస్తే పోతుందని మీ అత్తగారు అన్నారట. ఆవిడది ప్రేమే, కాదనను. కానీ కుట్లు పడ్డ నడుము మీద ఎవరి పాదమూ పడటానికి వీల్లేదు. నువ్వు చెప్పలేకపోతే నేను ఫోన్ చేసి చెప్తాను, ఆవిడ నా మాట వింటారు. పుత్తూరు కట్టు అని ఇంకొకరు అన్నారట. అది విరిగిన ఎముకలకు వేసేది, నలిగిన నరానికి కాదు.

ఇక బోనం మాట. ఈ ఏడు ఉజ్జయిని మహంకాళికి నీ నెత్తినే బోనం ఎత్తుతానని మొక్కుకున్నావట. వద్దు. సూరిటి అప్పయ్య 1813లో కలరా రోజుల్లో ఉజ్జయినిలో మొక్కుకుంటే, ఇక్కడ అమ్మవారిని నిలిపింది 1815లో. ఆయన మొక్కే రెండేళ్ళు ఆగితే నీది ఒక్క ఏడాది ఆగదా? ఈసారి చెల్లి ఎత్తుతుంది. నువ్వు ఆ తోపులాటలోకి రాకుండా మన అరుగు మీద నిలబడి దండం పెట్టుకో. కూర్చోవాలనిపిస్తే ఎత్తు కుర్చీ వేయిస్తాను.

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కాగితం మీద రాసుకుపో. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడి దాకా పోతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, రాత్రి నిద్ర పడుతోందా, ఏ బిళ్ళ ఎప్పుడు మానేశావు, అన్నీ. "ఫర్వాలేదండీ" అని నవ్వి వచ్చేయకు, నీకు ఆ అలవాటుంది. అల్లుణ్ణి కూడా లోపలికి తీసుకెళ్ళు. బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి, ఫోన్ దగ్గరే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ