ఉప్పునేలలో విత్తనము మొలచుట

గొల్లపల్లికి సముద్రము బహుదూరము. అయినను నీరు పోవు దారి లేక నిలిచిన పొలములో చౌడు తేలి, చల్లిన విత్తు మొలవక రైతు తల పట్టుకొనుట మనమెరుగని విషయము కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఇదే కష్టము కొద్ది గంటలలో ఊళ్లకు ఊళ్లకే వచ్చిపడినది. కావున తీరపు గడ్డి ఉప్పులో ఎట్లు మొలచునో మన విద్యార్థులును తెలిసికొనదగును.

విత్తనము మొలచుటకు ముందు నీరు పీల్చుకొనవలెను. నీటిలో ఉప్పు పెరిగినకొలది ఆ నీటిని లోనికి లాగుకొనుట విత్తనమునకు కష్టమగును. లీటరు నీటిలో 29 గ్రాముల ఉప్పు కరగినచో దాని ద్రవాభిసరణ పీడనము 20 వాతావరణ పీడనములను మించును. సముద్రజలములోనైతే లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. ఇది గాక సోడియం, క్లోరైడు అయానులు పిండములో చేరి విషమువలె పనిచేయును.

మన తీరపు చవుడు బురదలలో ఏల్యూరోపస్ లాగోపాయిడిస్ అను ప్రాకుడు గడ్డి కలదు. ఉప్పులో పెరుగు మొక్క ఉప్పులోనే బాగుగా మొలచునని చాలకాలము నేనును భావించితిని. కరాచీ విశ్వవిద్యాలయమునకు చెందిన సల్మాన్ గుల్జార్, అజ్మల్ ఖాన్ గారలు 2001లో ప్రకటించిన పరిశోధన ఆ భ్రమను తొలగించినది. ఈ గడ్డి విత్తనములు అన్నిటికంటె బాగుగా మొలచినది ఉప్పులేని నీటిలోనే! పైన చెప్పిన 29 గ్రాముల ఉప్పునీటిలో కొంతభాగమే మొలచినది. మొలవనివానిని మంచినీటిలోనికి మార్చగా మరల మొలకలు వచ్చినవి. అనగా అవి చచ్చినవి కావు, వానకై వేచియున్నవి. వర్షము పైపొరలోని ఉప్పును కడిగిన కొలది దినములే వాటికి అదను.

వరికి ఇంతటి ఓర్పు లేదు. పైగా వరి మొలకెత్తునపుడు కొంత ఉప్పును సహించినను, లేత నారు దశలో తట్టుకొనలేదు. మొలక వచ్చినదిగదా యని చౌడుపొలములో నిశ్చింతగా ఉండరాదు. ముందు మంచినీరు పెట్టి, ఆ నీటిని మురుగుకాలువలోనికి విడిచి, పిదపనే నాటవలెను. మురుగు పోనిచో ఎంత నీరు పెట్టినను వ్యర్థము.

ఇది మన ప్రయోగశాలలో పరీక్షింపవచ్చును. నాలుగు పళ్లెములలో తడి అద్దుడుకాగితము పరచి, ఒక్కొక్కదానిలో 50 వరిగింజలు ఉంచుడు. ఒకదానికి మంచినీరు, తక్కినవాటికి లీటరునకు 3, 6, 12 గ్రాముల ఉప్పునీరు పోసి, పదిదినములు మొలకలు లెక్కించుడు. మొలవని గింజలను పారవేయక, కడిగి మంచినీటిలో ఉంచి మరల లెక్కించుడు. ఈ రెండవ లెక్కయే ముఖ్యము.