ముందు మీ ఊరి పేజీ తెరవండి

మూడు నెలల పాటు థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా చుట్టి రావాలనుకున్నారు. టికెట్ కొన్నప్పుడున్న హుషారు పుస్తకాల షాపులో గైడుల అర ముందు నిలబడగానే నీరుగారిపోతుంది. నాలుగు దేశాలకు నాలుగు కొనాలా, అన్నీ కలిపిన లావుపాటిది ఒక్కటి చాలా?

ఆ లెక్క తర్వాత. ముందు మీరు కొనాలనుకుంటున్న గైడు వేసిన కంపెనీదే ఇండియా గైడు తీసి, హైదరాబాదో విశాఖో, మీకు కొట్టినపిండి అయిన ఊరి పేజీలు చదవండి. చార్మినార్‌కి ఫొటో తీసి వెళ్లిపోయారా, పక్కన కూర్చుని ఇరానీ చాయ్ తాగారా? మూతపడ్డ హోటల్‌ని ఇంకా పొగుడుతున్నారా? బాగోలేనిదాన్ని బాగోలేదని ఒక్కచోటైనా రాశారా? మన ఊరి దగ్గరే తప్పటడుగు వేసినవాళ్లు హనోయ్‌లో సరిగ్గా నడిపిస్తారని ఏం నమ్మకం? ఈ పరీక్షలో నేను రెండు గైడుల్ని అక్కడికక్కడే అరలో పెట్టేశాను.

తర్వాత ముద్రణ సంవత్సరం చూడండి. వివరాలు సేకరించింది అంతకు ముందే. పాత గైడుని నమ్మి ఒకసారి రాత్రి పదింటికి సామానుతో సహా బస్టాండుకి వెళ్తే, బస్టాండు అక్కడ లేదు! ఆంగ్‌కోర్ వాట్‌ని 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించాడన్నది మాత్రం ఏ ఎడిషన్‌లోనైనా మారదు. చరిత్రకి సెకండ్‌హ్యాండ్ పుస్తకం చాలు, బస్సులకి కొత్తదే కావాలి.

ఇంకో మెలిక ఉంది. ఇంగ్లిష్ గైడులు ఎక్కువగా పాశ్చాత్య పాస్‌పోర్టు ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ‘వీసా అక్కర్లేదు’ అన్న మాట మనకు వర్తించకపోవచ్చు. ఆ సంగతి ఆయా దేశాల ఎంబసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. శాకాహారులైతే చేపల సాస్ గురించి హెచ్చరించారో లేదో చూడండి. అక్కడ ఆకుకూర వేపుడులోనూ అది పడుతుంది. థాయిలాండ్‌లో మాంసం, చేప లేని వంట కావాలంటే ‘జే’ అని అడగాలని చెప్పిన పుస్తకమైతే మీకు పనికొచ్చేదే.

ఇక మొదటి ప్రశ్న. నాలుగు దేశాలకూ కలిపి ఒకటి, ఎక్కువ రోజులుండే దేశానికి విడిగా ఇంకొకటి. అంతకు మించొద్దు. బరువు తగ్గించుకోవడానికి అయిపోయిన అధ్యాయాల్ని చింపేసేవాళ్లున్నారు. సరస్వతి కదా, మనకు చెయ్యి రాదు. ఆ దేశం దాటేటప్పుడు విడి పుస్తకాన్ని లాడ్జిలో ఎదురైన మరో ప్రయాణికుడికి ఇచ్చేయండి. చాలా విమానాల్లో చేతిసంచికి ఒప్పుకునేది 7 కిలోలే.