యురేనియం జాడ తీయడం ఎట్లు?

హైదరాబాదు చుట్టుప్రక్కల ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుండ్లను విద్యార్థి మిత్రులు చూచియే ఉందురు. గైగర్ కౌంటరు అనే చిన్న యంత్రాన్ని తెచ్చి వాటి ప్రక్కన ఉంచినచో అది టిక్కు టిక్కుమని చప్పుడు చేయును. భయపడవలసిన పని లేదు. ఆ రాళ్ళలో పొటాషియం, థోరియం, యురేనియం మూడూ స్వల్పంగా కలవు. అసలు భూమి పైపొరలోని శిలలన్నింటిలోను సగటున టన్నుకు రెండు మూడు గ్రాముల యురేనియం ఉన్నది. గ్రానైటులో అంతకంటె కొంచెం హెచ్చు. కావున యురేనియం ఎక్కడున్నది అనేది ప్రశ్నయే కాదు. తవ్వి తీసినచో గిట్టుబాటు అయ్యేటంతగా ఎక్కడ పోగుపడినది అనేదే ప్రశ్న. గని కంపెనీలు ఆ చోటును ఎట్లు వెదకునో, ఆ వెదకులాటలో ఎక్కడ మోసపోవునో ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నింతుము.

ఉర్దూలో ‘కాన్’ అనే మాట ఒకటి కలదు. దానికి చెవి అనీ అర్థమే, గని అనీ అర్థమే. వేరు వేరు మూలాల నుండి వచ్చిన రెండు మాటలు ఒకే అక్షరాలలో కలిసిపోయినవి. యురేనియం విషయంలో ఈ పొందిక మరీ చక్కగా అమరినది. యురేనియం లవణాల నుండి కంటికి కానరాని కిరణాలు వెలువడుచున్నవని 1896లో హెన్రీ బెక్వెరెల్ కనుగొన్నారు. అటుపిమ్మట కిరణాలను చప్పుడుగా మార్చే యంత్రాలు వచ్చినవి. ఇనుమునకు, రాగికి లేని సౌకర్యం దీనికి లభించినది. ఈ ఖనిజాన్ని చెవితోనే వెదకవచ్చును.

అయితే ఆ చెవికి వినిపించేది యురేనియం గొంతు కాదు. యురేనియం-238 పదునాలుగు మెట్లు దిగి, చివరకు సీసంగా మారును. దారిలో రేడియం, రేడాన్, బిస్మత్ మొదలైన సంతతి పుట్టును. మన యంత్రం పట్టుకొనే బలమైన గామా కిరణాలు ముఖ్యంగా బిస్మత్-214 నుండి వచ్చేవి. ముని మనుమడు వాకిట్లో కేకలు వేయుచున్నంత మాత్రాన తాత ఇంట్లోనే ఉన్నాడని చెప్పలేము గదా! భూగర్భజలం యురేనియాన్ని కరిగించి తీసికొనిపోయి, రేడియాన్ని అక్కడనే వదలివేయవచ్చును. రేడియం అర్ధాయువు 1600 సంవత్సరాలు. అంతకాలమూ ఆ చోట యంత్రం మ్రోగుచునే ఉండును, తవ్వినచో మాత్రం చేతికి అందేది స్వల్పం. దీనికి విరుద్ధంగా, ఇటీవలి కాలంలో వచ్చి చేరిన యురేనియానికి ఇంకా సంతతి ఎదగక అది మౌనంగా ఉండుటయు కలదు. ఇందువలననే యంత్రం చెప్పినదానిని ప్రయోగశాలలో రసాయనిక పరీక్ష చేయక ఎవరూ నమ్మరు.

మరొక చిక్కు పొటాషియం, థోరియాలది. అవియు గామా కిరణాలను వెలువరించును. కాని వాటి శక్తులు వేరు. పొటాషియం కిరణానిది 1.46, బిస్మత్‌ది 1.76, థోరియం సంతతిలోని థాలియంది 2.61 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. సోడియం అయొడైడ్ స్ఫటికాలు అమర్చిన స్పెక్ట్రోమీటరు ఈ మూడింటిని వేరుపరచగలదు. దానిని విమానంలోనో హెలికాప్టరులోనో ఉంచి, దుక్కి దున్నినట్లు సమాంతర రేఖలలో నేలకు దగ్గరగా ఎగురుచు పటం గీయుదురు. కెనడా దేశపు సస్కాచవాన్ రాష్ట్రంలో 1968లో కనుగొనబడిన రాబిట్ లేక్ నిక్షేపానికి దారి చూపినది ఇట్టి ఆకాశ సర్వేయే. ఆ దేశంలో పూర్వం హిమానీనదాలు నేలను గీరుకొని పోవుచు, ఖనిజపు రాళ్ళను పెకలించి దూరంగా పారవేసినవి. అన్వేషకులు ఆ రాళ్ళను కనుగొని, మంచు కదలిన దిక్కుకు ఎదురు నడచి, అవి ఎక్కడి నుండి వచ్చినవో ఆరా తీసినారు. 1975, 1976 సంవత్సరాలలో కీ లేక్ వద్ద రెండు నిక్షేపాలు బయటపడుటకు ఇట్టి రాళ్ళు ఎంతగానో తోడ్పడినవి.

ఇంతవరకు చెవి పని. ఇక దాని చేతకానితనమును చెప్పవలసియున్నది. అర మీటరు మందం గల రాయి అడ్డు వచ్చినచో గామా కిరణాలు దాదాపు అన్నియు అందులోనే ఆగిపోవును. తడి మన్ను ఒక మీటరు ఉన్నను చాలును. కనుక విమానం విన్నది భూమి చర్మాన్ని మాత్రమే. అడుగున ఎంతటి నిధి ఉన్నను పై నుండి నిశ్శబ్దమే. పైకి కనిపించేవి కొన్నాళ్ళకు తరిగిపోగా కంపెనీలు తమ ప్రశ్ననే మార్చుకొనవలసి వచ్చినది. ‘యురేనియం ఎక్కడ మ్రోగుచున్నది?’ అని అడుగుట మాని, ‘యురేనియానికి ఎట్టి ఇల్లు కావలయును?’ అని అడుగ మొదలిడినవి.

దీనికి జవాబు రసాయన శాస్త్రంలో కలదు. ప్రాణవాయువు కలిసిన నీటిలో యురేనియం ఆరు వేలన్సీతో ఉండి సులభంగా కరిగి ప్రయాణించును. ప్రాణవాయువును హరించే పదార్థం ఏదైనా దారిలో ఎదురైనచో నాలుగు వేలన్సీకి దిగి, కరుగలేక అక్కడనే పేరుకొనును. కుళ్ళిన చెట్టు చేమల అవశేషాలు, గంధకం గల ఖనిజాలు మొదలైనవి ఇట్లు దానిని దింపును. సస్కాచవాన్‌లోని అథాబాస్కా ప్రాంతంలో అతి పురాతన శిలలపై ఇసుకరాయి పొరలు దుప్పటివలె పరచుకొని ఉన్నవి. క్రింది శిలలలో అక్కడక్కడ గ్రాఫైటు పట్టీలు కలవు. అవి పై ఇసుకరాయిని తాకు సంధిలో, పగుళ్ళున్న చోట, ప్రపంచంలోనే మిక్కిలి సాంద్రమైన యురేనియం ఖనిజం చేరినది. గ్రాఫైటు విద్యుద్వాహకం. అందుచేత విద్యుదయస్కాంత పద్ధతితో వందల మీటర్ల లోతున ఉన్న గ్రాఫైటు పట్టీని పై నుండియే గుర్తింపవచ్చును. కంపెనీ వెదకినది యురేనియాన్ని కాదు, దాని ఇరుగుపొరుగును.

1981లో సిగార్ లేక్ నిక్షేపం ఈ విధంగానే దొరికినది. లోతు సుమారు 430 మీటర్లు. చుట్టును బంకమట్టి కవచమున్నందున, పైన అంత ఇసుకరాయి ఉన్నందున, నేలపై రేడియోధార్మికత జాడ లేనే లేదు. ఎన్ని విమానాలు ఎగిరినను అది వినిపించెడిది కాదు. ఆస్ట్రేలియాలో 1975లో కనుగొన్న ఒలింపిక్ డ్యామ్ కథ మరొక విధము. అచ్చట గురుత్వ, అయస్కాంత కొలతలలోని తేడాలను బట్టి రాగి కోసం బోరు వేయగా, రాగితో పాటు యురేనియం కూడ లభించినది. వెదకనివాడికి దొరకుట శాస్త్రంలో అరుదేమీ కాదు.

తుది సాక్షి బోరు. వజ్రపు తునకలు పొదిగిన గొట్టం తిరుగుచు దిగి, రాతిని కడ్డీవలె పైకి తెచ్చును. ఆ కడ్డీలను పెట్టెలలో వరుసగా పేర్చి, అంగుళం అంగుళం చూచి వ్రాసికొందురు. బోరులోనికి గామా కొలమానాన్ని దింపి ఏ లోతున ఎంత మ్రోగినదో నమోదు చేయుదురు. వ్యయమంతా ఇచ్చటనే. అత్యధిక బోర్లు ఖాళీగా వచ్చును. ఒక బోరులో మంచి ఖనిజం తగిలినదని కొన్ని కంపెనీలు తమ వాటాల ధర పెరుగుటకై దండోరా వేయుట కలదు. కాని ఒక బోరు నిక్షేపం కాదు. క్రమంగా దగ్గర దగ్గరగా వేసిన బోర్లన్నియు ఒకే మాట చెప్పినపుడే పరిమాణం లెక్క తేలును. అప్పటికిని గని సిద్ధించినట్లు కాదు. సిగార్ లేక్‌లో గని త్రవ్వుచుండగా 2006లో నీరు విరుచుకొనిపడి దానిని ముంచివేసినది. ఉత్పత్తి ప్రారంభమైనది 2014లో. ఖనిజాన్ని కనుగొన్న ముప్పది మూడేండ్లకు!

మన దేశంలో ఈ అన్వేషణను ప్రధానంగా సాగించునది ప్రైవేటు కంపెనీలు కావు, అణుశక్తి శాఖకు చెందిన అణు ఖనిజాల సంస్థ. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోని బేగంపేటలో ఉన్నది. త్రవ్వునది 1967లో స్థాపితమైన యురేనియం కార్పొరేషన్. అథాబాస్కా పాఠం మన కడప శిలా పరంపరకు కూడ వర్తించునని తలచి వెదకగా, 1990 దశకపు ఆరంభంలో నల్లగొండ జిల్లా లంబాపూర్ వద్ద, క్వార్ట్జైటు పొరకును అడుగు గ్రానైటుకును నడుమ ఖనిజం దొరికినది. అయితే ఇది కెనడాలోని దానివలె సాంద్రమైనది కాదు, లోతైనదీ కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలోనిది మరొక జాతి. అచ్చట డోలమైటు సున్నపురాతిలో అతి పలుచగా, కాని బహుదూరం వ్యాపించి ఉన్నది. అక్కడి గని, కర్మాగారం 2012లో ప్రారంభమైనవి.

లంబాపూర్, పెద్దగట్టులకు నాగార్జునసాగర్ జలాశయం దగ్గరలోనే కలదు. గని ప్రతిపాదనకు ప్రజలు తీవ్రంగా అడ్డు చెప్పిరి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణకు ప్రతిపాదన రాగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమల యురేనియం తవ్వకాలను వ్యతిరేకించుచు ఏకగ్రీవంగా తీర్మానించినది. బోరు వేయుట త్రవ్వుట కాదుగదా అని కొందరందురు. అది సగం నిజం. బోరు యంత్రం పోవుటకు అడవిలో బాట కావలయును. సిమెంటుతో సరిగా మూయని బోరు రెండు వేరు వేరు నీటి పొరలను కలిపివేయును.

ఇచ్చట మేము అత్యవసరమని తలచునది ఒకటి కలదు. మొదటి బోరుకు ముందే ఆ గ్రామాల బావులన్నింటి నీటిలో యురేనియం ఎంత ఉన్నదో కొలిచి, ఆ అంకెలను తెలుగులో వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలయును. గ్రానైటు సీమలో నీటిలో కొంత యురేనియం సహజంగానే ఉండును. ముందు కొలత లేనిచో, తరువాత బావి చెడినదని రైతు అన్నపుడు కంపెనీ అది ప్రకృతి సిద్ధమని చెప్పి తప్పుకొనవచ్చును. రైతుకు నిరూపించే దారి ఉండదు, కంపెనీ నిజమే చెప్పుచున్నను దానిని నమ్మేవారుండరు. తుమ్మలపల్లె పరిసర గ్రామాల భూగర్భజలంపై సాగిన వివాదంలో ఉభయ పక్షాలు తగవులాడుకొన్నది ఈ అంకెల మీదనే. ఆ కొలతకు అయ్యే ఖర్చు ఒక లోతైన బోరు ఖర్చులో ఏపాటిది?